వంగకుండా కవరు తొడిగే కర్ర

నవంబరు, రెండో బుధవారం. ఉదయం పది గంటలు. కోవెంట్రీలో మా కంపెనీ ఆఫీసు, మేడమీద చిన్న గది.

హాజరైనవారు: హెలెన్, మేనేజరు. డారెన్, ఉద్యోగుల భద్రత చూసే అధికారి. సునీత, ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను చూసుకునే కేరర్. సహోద్యోగిగా ఆమె పక్కన కూర్చోవడానికి, ఆమె కోరిక మీద, నేను. బల్ల మీద కాగితాల పక్కన ఒక అల్యూమినియం కర్ర.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఎవరెవరు ఉన్నారో ముందు రాసి, ఏం జరిగిందో తర్వాత రాయడం నాకు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అలవాటు. ఆ సమావేశం అయిన కొద్ది వారాలకే రిటైరయ్యాను. ఈ మధ్య మన పిల్లలు చాలామంది ఇక్కడికి కేర్ పనికి వస్తున్నారు. గుళ్లోనో, ఎవరింట్లోనో వ్రతానికో కలిసినప్పుడు అడుగుతుంటారు: "ఆంటీ, ఈ పనిలో ముందుగా ఏం తెలుసుకోవాలి?" మనిషిని ఎలా లేపాలో, మందులు ఎలా ఇవ్వాలో ట్రైనింగులో చెప్తారు. ట్రైనింగులో చెప్పనిది ఈ కర్ర గురించి. అందుకే రాస్తున్నాను.

నా పని ఏమిటంటే

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఆ మాట వింటే మన చుట్టాలు నేను ఉద్యోగాలు ఇప్పించే ఆఫీసులో పని చేస్తానని అనుకునేవారు. "మా అబ్బాయి మాస్టర్స్ అయిపోతోంది, కాస్త చూడమ్మా" అని ఫోన్లు చేసేవారు. ముసలివాళ్లకు సాక్సులు వేసుకోవడం నేర్పుతానని చెప్తే అవతలివైపు మాట వాతావరణం మీదికి మళ్లేది.

కానీ అదే నా పని. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు తమ ఒంటిని తామే అందుకోలేని స్థితికి వస్తారు. పాదాలు ఎప్పటిలాగే అక్కడే ఉంటాయి, చేతులు మాత్రం అంతదూరం పోవు. నా కారు డిక్కీ నిండా పొడుగు పిడుల సామాను ఉండేది. బూటు తొడుక్కునే గరిటె, సాక్సు లాగే తొట్టి, కింద పడ్డవి అందుకునే పటకారు, వీపు రుద్దుకునే స్పాంజి. చాలా ఏళ్లు ఇక్కడి నగర కౌన్సిల్లో చేశాను. చివరి కొన్నేళ్లు ఈ ప్రైవేటు కంపెనీలో, కేరర్లకు నడుము విరగకుండా పనిచేయడం నేర్పాను.

నా మొదటి బాస్ మార్గరెట్. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె నేర్పిన మొదటి పాఠం ఇది: మీరు చేసుకోగలరా అని ఎవర్నీ అడగొద్దు, చేసుకోగలను అనే చెప్తారు. చేసి చూపించమనండి. చూపిస్తున్నప్పుడు కాళ్లు చూడొద్దు, చేతులు చూడండి. దేన్ని పట్టుకుంటున్నారో అక్కడే జబ్బు ఉంది.

రెండో పాఠం లీసెస్టర్‌లో నేర్చుకున్నాను. రిటైరైన బస్సు డ్రైవరు, గుజరాతీ పెద్దాయన. తుంటి మార్చారు. పొడుగు గరిటె ఇచ్చి, వంగకుండా బూట్లు వేసుకోవడం నేర్పి, తలుపు పక్క మేకుకు తగిలించి వచ్చాను. కొన్నాళ్లకు మళ్లీ వెళ్తే మేకు ఖాళీ. ఆయన బూట్లు సగం తొడుక్కుని, మడమలు తొక్కేసి నడుస్తున్నాడు. గరిటె బీరువా వెనక ఉంది. ఎందుకని అడిగితే, "అది అక్కడ వేలాడుతుంటే ఇంటికొచ్చిన ప్రతివాడూ టీ తాగకముందే నా తుంటి సంగతి అడుగుతున్నాడమ్మా" అన్నాడు.

మార్గరెట్‌కు చెప్తే నవ్వలేదు. "మనం ఇచ్చి వచ్చేస్తాం. ఆ వస్తువు అక్కడే ఉండి ఆ మనిషి గురించి చెప్తూ ఉంటుంది. ఏం చెప్తుందో ముందే ఆలోచించి ఇవ్వాలి" అంది.

గడప దగ్గర

సునీతది జగిత్యాల దగ్గర ఊరు. నర్సింగు చదివి, మా కంపెనీ స్పాన్సర్ చేస్తే వచ్చింది. భర్త రాజు ఆమె వీసా మీదే ఉన్నాడు, ఒక గోదాములో రాత్రి షిఫ్టు చేసేవాడు. ఆమె ఉద్యోగం పోతే మరో స్పాన్సర్ దొరకడానికి ఇచ్చే గడువు తక్కువ. అది దాటితే ఇద్దరూ దేశం విడిచి వెళ్లాలి. ఈ సంగతి ఆమె ఎప్పుడూ నోటితో అనేది కాదు. కానీ ఏ మాట మాట్లాడినా దాన్ని చుట్టి వచ్చే మాట్లాడేది.

ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో రోటా వేసేవాళ్లు మన భాషల వాళ్ల ఇళ్లన్నీ ఆమెకే వేశారు. తెలుగు ఇళ్లు, తమిళుల ఇళ్లు, గుజరాతీల ఇళ్లు. భాష వచ్చు, తిండి తెలుసు, ముసలివాళ్లు సంతోషిస్తారు. అందరికీ బాగుంది. ఆ ఇళ్లన్నిటికీ ఉన్న మరో పోలికను ఎవరూ గమనించలేదు. అన్నీ చెప్పులు బయట విప్పే ఇళ్లే.

కేరర్లు పనిలో బూట్లు విప్పకూడదని కంపెనీ నియమం. తడి నేల మీద జారతారు, చక్రాల కుర్చీ పాదం మీద ఎక్కుతుంది. బూట్లతో లోపలికి రాకూడదని ఇంటివాళ్ల నియమం. రెండింటికీ మధ్య రాజీ ఆ నీలం రంగు ప్లాస్టిక్ కవర్లు. గుమ్మంలో బూట్ల మీద తొడుక్కోవాలి, వెళ్లేటప్పుడు తీసి పారేయాలి. ప్రతి ఇంటికీ కొత్త జత. బయట తడిలో వాటితో నడిస్తే జారుతుంది కాబట్టి గుమ్మంలోనే తొడగాలి.

సెప్టెంబరులో ఒకరోజు సూర్యనారాయణగారి ఇంట్లో ఆయన్ని నిలబెట్టే చట్రం చూడ్డానికి వెళ్లాను. ఆయనకు పక్షవాతం. భార్య రత్నమ్మగారిది అమలాపురం వైపు. పక్కిళ్లతో గోడలు కలిసిన టెర్రస్ ఇల్లు, ఇరుకు నడవ, తలుపు తీయగానే ఎదురుగా దేవుడి అర. తెల్ల ప్లాస్టిక్ గడపకు శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెడుతుంది ఆవిడ.

నా కంటే ముందు సునీత చేరింది. నేను కారు దిగుతూ చూశాను.

ఇంగ్లిష్ అమ్మాయిలు ఆ పని ఎలా చేస్తారో నాకు తెలుసు. జోడీ అనే కేరర్ గడప మీద ఎక్కి నిలబడి, తలుపు పట్టుకుని, చకచకా తొడుక్కుంటుంది. సునీత గడప తొక్కలేదు. కుడి కాలు బయట ఉండగానే ఎత్తి, ఒంటికాలి మీద నిలబడి, వంగి కవరు తొడిగింది. ఆ కాలు లోపల పెట్టింది. ఎడమ కాలు ఇంకా బయట ఉంది. మధ్యలో గడప. అలా కాళ్లు రెండుగా ఉంచుకుని, నడుము వెనక్కి మెలితిప్పి, బయటి కాలికి రెండో కవరు తొడిగింది. ఒక చేతిలో సంచీ. పట్టుకోవడానికి ఏమీ లేదు. లేచేటప్పుడు తన మోకాలినే పట్టుకుని లేచింది.

నేను చేతులే చూశాను.

పని అయ్యాక కారులో కూర్చోబెట్టి అడిగాను, "నడుము ఎప్పటినుంచి?"

"ఏ నడుము ఆంటీ?"

"నీ నడుమే."

"ఎండకాలం నుంచి. నొప్పి అంకుల్ను లేపితే రాలేదు. మీరు చెప్పినట్టే లేపుతున్న, మోకాళ్లు వంచి. లేపే మిషన్ తోస్తే రాలేదు. గీ గడపల కాడనే వచ్చింది."

"జోడీలాగా గడప మీద నిలబడొచ్చు కదా?"

"గడప తొక్కుడా!" నడుము నొప్పి మరిచిపోయి నావైపు తిరిగింది. "పసుపు రాసిన గడప ఆంటీ. చిన్నప్పుడు కాలు పెడితే మా అమ్మ వీపు పగలగొట్టేది. రత్నమ్మమ్మ ఏమనదు. జోడీని కూడా ఏమనదు. కానీ నన్ను చూస్తది గద."

ఈ మాట నేను ఆఫీసులో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఏ ప్రమాద నివేదికలోనూ "గడప తొక్కకూడదు కాబట్టి" అని రాయడానికి చోటు ఉండదు. బరువు ఎత్తేటప్పుడు నడుము పోతుందని మేము నేర్పుతాం. నిజానికి బరువు ఎత్తేటప్పుడు ఎవరైనా జాగ్రత్తగా ఉంటారు. జాగ్రత్త పడక్కర్లేదనుకునే చోట, రోజంతా పదేపదే చేసే చిన్న పనిలో నడుము పోతుంది.

జీపీ డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. వెళ్లనంది. డాక్టరుకు చెప్తే కంపెనీకి తెలుస్తుందని వాట్సాప్‌లో ఎవరో రాశారట. అది అబద్ధమని చెప్పాను. "మీకు ఇక్కడి పాస్‌పోర్ట్ ఉంది ఆంటీ" అంది. వెటకారం లేదు ఆ మాటలో. ఉన్న సంగతి చెప్పింది, అంతే.

కర్ర

వారం తిరక్కుండా కర్ర తెప్పించాను. గ్యాస్ బాయిలర్లు బాగుచేసేవాళ్లు, ఇళ్లు అమ్మిపెట్టేవాళ్లు వాడతారు దీన్ని. చేతికర్రంత పొడవు. పైన పిడి, కింద గుర్రపునాడా ఆకారంలో ప్లాస్టిక్ చట్రం. కవరు మూతిని ఆ చట్రానికి తగిలించి నేల మీద ఆనిస్తే నోరు తెరుచుకుని ఉంటుంది. బూటు ముందుభాగం అందులో దోపి, మడమ దించి, కర్రను వెనక్కి లాగితే చట్రం జారి, ఎలాస్టిక్ మడమను పట్టేస్తుంది. పక్కనే చిన్న కొక్కెం, విప్పడానికి. నడుము నిలువుగానే ఉంటుంది.

మొదటిసారి రత్నమ్మగారి గుమ్మంలోనే వాడింది. ఆవిడ నడవలో నిలబడి వింతగా చూసింది.

"ఏంటమ్మా ఇదీ, బూరెలు తీసే చట్రంలా ఉందీ? మా ఆయన్ని లేపే మిషనా?"

"కాదు అమ్మమ్మా, నన్ను లేపేది."

"నాకూ ఒకటి తెచ్చిపెట్టవే. పొద్దున్నే మంచం మీంచి నన్ను లేపేవాళ్లు లేరు."

ఆ రోజు సునీత నవ్వడం చూశాను. ఒక నెలకు నిద్ర పడుతోందని చెప్పింది.

జోడీ ఆటపట్టించేది. "మా నాన్న ఆదివారాలు పొలాల్లో పాత నాణేల కోసం ఇలాంటిదే పట్టుకుని తిరుగుతాడు సునీతా. ఏమైనా దొరికిందా?" మరో తెలుగు కుర్రాడు "అక్కా, గోల్ఫ్ క్లబ్బులో చేరినవా?" అనేవాడు. సునీత కర్రను సెల్ఫీ తీసుకుంటున్నట్టు పైకెత్తి పోజిచ్చేది. వాళ్లది మంచి హాస్యమే. కానీ అప్పటికే ఆఫీసులో అది "సునీత కర్ర" అయిపోయింది.

అలా కాకూడదనే నేను మొదట్లోనే హెలెన్‌కు మెయిలు రాశాను. కేరర్లందరికీ ఒక్కొక్కటి ఇవ్వండి, గ్లవ్స్ ఇచ్చినట్టే, ఏప్రాన్ ఇచ్చినట్టే. ఎవరి నడుము గురించీ రాయలేదు. హెలెన్ వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూద్దామంది, ముందు ఒక్కరి దగ్గర వాడి చూడమంది. నేను సరేనన్నాను.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. అందరికీ ఇస్తే అది పనిముట్టు. ఒక్కరికే ఇస్తే అది ఆ ఒక్కరి మీద సాక్ష్యం.

బాసుల సంగతి

హెలెన్ చెడ్డ మనిషి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమె పదహారేళ్ల వయసు నుంచి కేరర్‌గా చేసింది. ఆమె నడుముకు ఆపరేషన్ అయింది. చలికాలంలో మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగేది. క్రిస్మస్ రోజున ఎవరూ రాని ముసలివాళ్ల దగ్గరికి తానే వెళ్లేది. అలాంటి మనిషి ఆఫీసులో కూర్చున్నాక, ప్రతి కాగితాన్నీ ఎప్పుడో ఒక లాయరు చదువుతాడన్నట్టు చదవడం మొదలుపెట్టింది. చెడ్డ బాసుతో పోట్లాడొచ్చు. భయపడిన బాసుతో పోట్లాడితే ఆ భయం ఇంకా పెరుగుతుంది. ఆ భారం పోట్లాడినవాళ్లమీద పడదు, వాళ్లకన్నా కింద ఉన్నవాళ్లమీద పడుతుంది.

అక్టోబరు చివర్లో ఒక సూపర్‌వైజరు తనిఖీకి వెళ్లాడు. సునీత కర్రతో కవరు తొడుక్కుంటోంది. "ఇదేంటి, వంగలేవా?" అని సరదాగానే అడిగాడు. ఆమెకు దాచడం అలవాటే కానీ, సరదాగా అడిగితే అబద్ధం చెప్పడం రాలేదు. "పొద్దున పూట కొంచెం కష్టం" అంది. అతను అదే రాశాడు. పొద్దున పూట వంగలేనని ఉద్యోగి స్వయంగా చెప్పింది, పరికరం వాడుతోంది అని.

ఆ రెండు వాక్యాలకే బుధవారం సమావేశం. ఉద్యోగి తన పని చేయగల స్థితిలో ఉందా లేదా తేల్చడానికి.

సమావేశం

డారెన్ మొదలుపెట్టాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. కర్రను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది లేకుండా కవర్లు వేసుకోగలవా?"

"వేసుకోగలను" అంది సునీత.

"మరి ఎందుకు వాడుతున్నావు?"

నేను అందుకున్నాను. "నేనిచ్చాను కాబట్టి. హెలెన్ అనుమతితో, పరీక్షించడానికి. మెయిలు ఉంది."

"ఉంది" అంది హెలెన్. "కానీ అది ఆరోగ్య సమస్య కోసమని ఆ మెయిల్లో లేదు. ఇప్పుడు సమస్య ఉందని రాతలో వచ్చింది. రేపు ఒక క్లయింటును లేపుతూ పడిపోతే, తెలిసీ పంపారని అంటారు."

"అలాగైతే డాక్టరు పరీక్షకు పంపండి" అన్నాను. "ఉద్యోగుల ఆరోగ్యం చూసే డాక్టరు ఉన్నారు కదా. నడుము ఎలా ఉందో తేల్చాల్సింది ఆయన. ఈ బల్ల దగ్గర కాదు." నా ఉద్యోగ జీవితమంతా ఇలాంటి చోట ఇదే మాట చెప్పాను. సరైన మాట అదే.

హెలెన్ కాగితాల వైపు చూస్తూ చెప్పింది, "పంపుతాను. రిపోర్టు వచ్చేదాకా రోటాలోంచి తీసేయాలి. జీతం ఆగుతుంది. ఎక్కువ రోజులు ఆగితే స్పాన్సర్‌గా వీసాలు చూసే హోమ్ ఆఫీసుకు మేము చెప్పాలి. చెప్పకపోతే మా లైసెన్సు పోతుంది. అప్పుడు సునీత వీసా ఒక్కటే కాదు, అందరివీ పోతాయి."

నేను చెప్పిన సరైన మాట తీసుకెళ్లి ఆ అమ్మాయిని ఎక్కడ నిలబెట్టిందో అప్పుడు అర్థమైంది. ఇంకో మాట వెతుక్కుంటున్నాను. యూనియన్ సంగతి, చట్టం సంగతి, ఏదో ఒకటి. నాకు దొరికేలోపు సునీత లేచింది.

జేబులోంచి రెండు నీలం కవర్లు తీసింది.

"కూర్చో సునీతా" అన్నాను తెలుగులో. "చూపించాల్సిన అవసరం లేదు. వాళ్లకు అడిగే హక్కు లేదు."

"మీరు ఊకోండి ఆంటీ" అంది.

వంగింది. కుడి కాలికి తొడిగింది. లేచింది. మళ్లీ వంగి ఎడమ కాలికి తొడిగింది. మామూలు మనిషి వంగినంత సులువుగా వంగింది, చూసేవాళ్లకు. నేను ఆమె ఎడమ చేతిని చూస్తున్నాను. బల్ల అంచుమీద ఉంది. ఏదో ఆనించినట్టు తేలిగ్గా ఉంది, కానీ వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. వంగిన దగ్గర్నుంచీ లేచేదాకా ఊపిరి తీసుకోలేదు. లేచి నవ్వింది. పెదవి మీద చెమట.

"చూసిన్రా? నో ప్రాబ్లమ్."

డారెన్ హాయిగా ఊపిరి పీల్చుకుని రాసుకున్నాడు. నేను హెలెన్ వైపు చూశాను. ఆమె సునీతను చూడటం లేదు. కిటికీలోంచి కారు పార్కింగు వైపు చూస్తోంది. ఆమె కూడా చేతినే చూసిందని నాకు తెలుసు. నడుము పోయినవాళ్లకు ఆ చెయ్యి తెలియకుండా ఉండదు.

నిర్ణయం అక్కడే రాశారు. ఉద్యోగి అన్ని విధులకూ యోగ్యురాలు. పరికరం పరీక్ష ముగిసింది, వెనక్కి తీసుకోవడమైనది. కర్రను డారెన్ తన సంచీ పక్కన పెట్టుకున్నాడు. సంతకాలు చేశాం. నేనూ చేశాను.

బయట వరండాలో సునీత గోడకు ఆనుకుని నిలబడింది.

"బాగ చేసిన్నా ఆంటీ?"

"ఎందుకు చేశావమ్మా?"

"మరేం చెయ్యాలె? మీరే చెప్పున్రి."

ఇప్పటికీ ఆ ప్రశ్న ఎవరైనా పిల్లలు అడిగితే యూనియన్‌లో చేరమని చెప్తాను, నొప్పి మొదలైన రోజే డాక్టరు దగ్గర రాయించుకోమని చెప్తాను. మంచి సలహాలే. ఆ గదిలోకి వెళ్లకముందు పనికొస్తాయి.

ఆఫీసు మెట్లు ఆమె పక్కకు తిరిగి, ఒక్కొక్కటిగా దిగింది. కింద రాజు కారులో ఉన్నాడు. రాత్రి షిఫ్టు దిగి నిద్రపోకుండా వచ్చి కూర్చున్నాడు.

"ఏమన్నరు?" అని అడిగాడు.

"ఏమనలే. ఉంచిన్రు" అంది సునీత.

మర్నాడు పొద్దున

గురువారం సూర్యనారాయణగారి కొత్త చట్రం బిగించడానికి వెళ్లాలని ముందే అనుకున్నది. ఏడున్నర కాకముందే చేరాను. సన్నగా వాన. వీధి దీపాలు ఇంకా ఆర్పలేదు. సామాను తీసుకోబోతూ ఎదురువైపు ఆగిన కారును చూసి, తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నాను.

రాజు దిగాడు. గోదాములో వేసుకునే పసుపురంగు మెరుపు జాకెట్ ఇంకా ఒంటిమీదే ఉంది. చుట్టూ తిరిగి వచ్చి అటువైపు తలుపు తీశాడు. సునీత ముందు రెండు కాళ్లూ బయట పెట్టి, కారు కప్పు పట్టుకుని, కాసేపు ఆగి లేచింది. సంచీ అతను తీసుకున్నాడు.

గుమ్మం దగ్గర ఆమె బెల్ కొట్టింది. అతను జేబులోంచి కవర్లు తీసి, తడి మెట్టు మీద మోకాళ్లు ఆనించాడు. ఆమె అతని తలమీద చెయ్యి పెట్టి కుడి కాలు ఎత్తింది. అతను కవరు మూతి విప్పి, బూటుకు తొడిగి, మడమ దగ్గర ఎలాస్టిక్ సర్దాడు. ఆమె ఆ కాలు లోపల పెట్టింది. రెండో కాలికి తొడిగేటప్పుడు తలమీది చెయ్యి భుజం మీదికి వచ్చింది. సంచీ అందించాడు. ఆమె నడవలోకి వెళ్లిపోయింది, నడుము నిలువుగా ఉంచుకుని.

రత్నమ్మగారు తలుపు పట్టుకుని ఇదంతా చూస్తూ నిలబడింది. రాజు ఇంకా మోకాళ్లమీదే ఉన్నాడు. లేవడానికి తలుపు చట్రం పట్టుకున్నాడు.

"ఎవరు బాబూ నువ్వు? సునీత వాళ్లాయనవా?"

"అవునమ్మా."

"తడిసిపోయావు. రాత్రంతా పనిచేసొచ్చినట్టున్నావు. లోపలికి రా నాయనా, అమ్మాయి పని అయ్యేదాకా కూర్చో. కాఫీ పెడతాను."

అతను మోకాళ్ల మీది నీళ్లు దులుపుకున్నాడు.

"వద్దమ్మా. బండ్లనే కూసుంట. కండ్లు మూసుకున్నా ఆమె బయటికొచ్చేసరికి లేవాలె." కారు వైపు నడుస్తూ, వెనక్కి తిరిగి, మర్యాదకు అన్నాడు. "ఇంకా ఆరిండ్లున్నయి."